మిగతా సగం మాట

శనివారం పొద్దున టీ ఇంకా కాగుతుండగానే ఆ ఇంట్లో వేలం మొదలైంది.

వేలమంటే నిజం వేలమేమీ కాదు. ఇంటి యజమాని కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో పాట పాడించే మనిషి. తెల్లవారకముందే బస్తాల మధ్య స్టూలెక్కి నిలబడి, వచ్చిన సరుకును వచ్చిన ధరకు కొట్టేసి, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరతాడు. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి మార్కెట్లో ఆయన్ను మైకు అనే పిలుస్తారు. ఆ గొంతును చొక్కాతోపాటు విప్పి వంకెకు తగిలించడం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు. ఇంట్లో ఏ విషయమైనా ఆయనే ప్రకటిస్తాడు. 'ఒకటోసారి, రెండోసారి, మూడోసారి' అంటాడు. ఎవరూ నోరెత్తకపోతే బల్లమీద అరచేత్తో ఒక్కటి చరుస్తాడు. అంతే, ఖాయం. కూతురి చిన్నప్పుడు గోడలకు ఏ రంగు వేయించాలన్న దగ్గర సరదాగా మొదలైన ఆట అది. ఆ రంగు ఎప్పుడో వెలిసిపోయింది, ఆట మాత్రం మిగిలింది.

ఆ పొద్దున పాటకు వచ్చిన సరుకు ఆయన భార్య.

"నీ ప్రసవం సెలవు అయిపోతోందిగా, వచ్చే నెల నుంచి మీ అమ్మ ఉద్యోగం మానేస్తుంది," అన్నాడు మైకు కూతురితో, ఒళ్ళో మనవణ్ణి ఎగరేస్తూ. "ఇంటిపట్టున ఉండి వీణ్ణి చూసుకుంటుంది. నువ్వు నిశ్చింతగా నీ కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళు. ఒకటోసారి!"

పై వాటాలో ఉండే కూతురూ అల్లుడూ సెలవురోజుల్లో టీకి కిందికి దిగుతారు. కూతురు కప్పులోకి చూస్తూ కూర్చుంది. బస్సు డిపోలో మెకానిక్కయిన అల్లుడు యథాప్రకారం గోడకు తగిలించిన క్యాలెండర్‌లా నిశ్శబ్దంగా ఉన్నాడు.

పొయ్యి దగ్గర నిలబడిన ఆ భార్యను పనిచేసే ఆసుపత్రిలో అందరూ సూదక్క అంటారు. ఇంజెక్షన్లిచ్చే నర్సులకు రావలసిన పేరు ఈవిడకు వచ్చిందని అక్కడో జోకు. సూదక్క ఇంజెక్షన్లివ్వదు. కింది అంతస్తులో కుట్టుగది ఉంది, చిరిగిన దుప్పట్లకు అక్కడ మాసికలు వేస్తుంది. కుట్టుగది పెద్దామె రిటైరవుతోంది. ఆ బాధ్యత తీసుకుంటావా అని ఆసుపత్రివాళ్ళు సూదక్కను అడిగారు. సోమవారం జవాబు చెప్పాలి. ఈ పొద్దున టీ దగ్గర ఇంట్లో చెప్పాలని ఆమె రెండు రోజులుగా మాటలు కూడబలుక్కుంటోంది.

"రెండోసారి!"

"నేనేమంటానంటే..." అంది సూదక్క.

"చూశావా, మీ అమ్మ కూడా అదే అంటోంది!" అన్నాడు మైకు.

అంతలో పాలు పొంగాయి. ఆమె చటుక్కున వెనక్కి తిరిగి గిన్నె దించింది. దించేలోపే వెనకనుంచి 'మూడోసారి'తోపాటు బల్ల చప్పుడు కూడా వినిపించింది. కూతురు లేచి వచ్చి, తల్లి చేతిని తీసుకుని ముద్దు పెట్టుకుంది.

"థాంక్సమ్మా. నువ్వు లేకపోతే నా గతేంకాను?"

ఆ ముద్దు మీద 'వద్దు' అని ఎలా అంటారు? సూదక్క అనలేదు. పొయ్యి తుడిచింది. చెయ్యి తుడుచుకుంది. సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు మైకు.

"శనివారం కదా."

"ఓహో, మూగసభకా! నోరు మూసుకుని కూర్చోవడానికి అంత దూరం నడిచి వెళ్ళాలా? ఆ పనేదో ఇంట్లోనే కానివ్వొచ్చుగా!"

అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ సూదక్కకు కూడా నవ్వు రాబోయింది. వచ్చినదాన్ని వచ్చినట్టే మింగేసి మెట్లు దిగింది.

*

లైబ్రరీ పైగదిలో గుండ్రంగా కుర్చీలు వేసి ఉంటాయి. ఆ సభ పెట్టినావిడ ఉద్యోగ విరమణ చేసిన నర్సు, అందరికీ నర్సమ్మ. అడ్డు తగలకుండా వింటే రోగి తన రోగం తానే చెప్పేస్తాడని ఆవిడ సర్వీసంతా చూసి తెలుసుకున్నదట. అక్కడి పద్ధతి చాలా తేలిక, చేయడమే కష్టం. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వినాలి. 'అయ్యో' అనకూడదు. 'మా ఇంట్లోనూ అంతే' అనకూడదు. సలహా అసలే కూడదు. చెప్పేవాళ్ళు ఆగితే ఎవరో ఒకరు 'ఇంకా ఉందా?' అని అడగొచ్చు. ఆ తర్వాత అందరూ కాసేపు మాటల్లేకుండా కూర్చోవాలి, విన్నది లోపలికి దిగేదాకా.

సూదక్క మొదట్లో అక్కడ నోరు విప్పలేదు. ఒకరోజు నర్సమ్మ టీ ఇస్తూ చక్కెర వేయమంటారా అని అడిగింది. "నాకు చక్కెర..." అని సూదక్క ఆగిపోయింది. ఇంట్లో అయితే అక్కడినుంచి మాట మైకు అందుకుంటాడు, 'దానికి తీపి గిట్టదు' అంటాడు. ఇక్కడ ఎవరూ అందుకోలేదు. ఆమె కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. తన మాటలో మిగతా సగం ఏమిటో తనకే తెలియలేదు. చాలాసేపటికి, "రెండు చెంచాలు," అంది. ఆ టీ తాగుతుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇంత చిన్నదానికి ఏడుపేమిటని సిగ్గేసింది కూడా. ఆనాటినుంచి శనివారం తప్పలేదు.

ఈ రోజు తన వంతు రాగానే మొదలుపెట్టింది.

"పొద్దున మా ఇంట్లో నన్ను ఖాయం చేసేశారు," అంది. "నా మనవడంటే నాకు ప్రాణం. వాడు నవ్వితే నాకు అన్నం అక్కర్లేదు." అక్కడ ఆగింది. ఆ మాట దగ్గర ఆగిపోతే ఎంత బాగుంటుంది! ఎవరికీ కోపం రాదు.

"ఇంకా ఉందా?" అని అడిగాడు ఎదురుగా ఉన్న బస్సు డ్రైవరు.

"ఉంది." గొంతు సవరించుకుంది. "వాడికోసం నా ఉద్యోగం మానడం నాకు ఇష్టం లేదు."

ఆ మాట పైకి వచ్చాక గది పైకప్పేమీ కూలలేదు. కాకపోతే గుమ్మంలోంచి దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఎవరిదో సూదక్కకు చెప్పాలా? మైకు నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ లేనిది, జోకుకు నవ్వకుండా భార్య వెళ్ళిపోతే మనసు నిలవక వెంట వచ్చినట్టున్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"బాగుంది! చాలా బాగుంది! ఇంటి గుట్టు తెచ్చి ఇక్కడ కుప్ప పోస్తున్నావా?"

"రండి, కూర్చోండి," అని నర్సమ్మ ఖాళీ కుర్చీ చూపించింది. "మీరు చెప్పండి. మేం వింటాం."

వింటామని అడిగి మరీ చెప్పమంటే మైకు ఊరుకునే మనిషా? కూర్చోలేదు గానీ అందుకున్నాడు. ఆడవాళ్ళకు ఇల్లు పట్టకపోతే ఏమవుతుందో చెప్పాడు. తాను ఏనాడూ పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనలేదని చెప్పాడు. ఎవరూ జవాబివ్వలేదు. ఒక జోకు వేశాడు. ఎవరూ నవ్వలేదు, మొహం చిట్లించనూ లేదు, ఊరికే విన్నారు. మార్కెట్లో ఎవరూ మాట్లాడలేదంటే సరుకు అమ్ముడైనట్టు. ఇక్కడి మౌనంలో ఏదీ అమ్ముడు పోవడం లేదు. ఆయన గొంతు మొదటిసారి తడబడటం సూదక్క చూసింది.

"ఏంటిది? ఒక్కరైనా మాట్లాడండయ్యా! తిట్టండి, పోనీ!"

"ఇంకా ఉందా?" అన్నాడు డ్రైవరు.

"ఏముంటుంది?" అన్నాడు మైకు. అని, మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "మా నాన్న మాట్లాడేవాడు కాదు. కోపమొస్తే నెలల తరబడి మాటుండేది కాదు. మా అమ్మ గిన్నె పెట్టిన చప్పుడు, తీసిన చప్పుడు, అంతే ఇంట్లో. నేను పిచ్చి పాటలు పాడేవాణ్ణి, ఎవరైనా కనీసం నోర్ముయ్ అంటారేమోనని." అని ఆగాడు. "నేనున్న ఇంట్లో అట్లాంటి నిశ్శబ్దం ఉండకూడదనుకున్నా."

ఇన్నేళ్ళ కాపురంలో సూదక్కకు ఈ మాట తెలియదు. ఆయన అంతగా మాట్లాడేవాడు కదా, ఇది చెప్పడానికి ఎక్కడా సందు దొరకలేదు కాబోలు.

కానీ మైకుకు తాను ఏం చెప్పాడో అప్పుడే తెలిసొచ్చింది. గబుక్కున లేచాడు. "చాలు ఈ నాటకం! పద ఇంటికి!"

"మీరు పదండి," అంది సూదక్క. "ఇది అయ్యాక వస్తాను."

"ఏమన్నావ్?"

"అయ్యాక వస్తానన్నాను."

ఆయన మెట్లు దిగిన చప్పుడు వీధిదాకా వినిపించింది. ఎవరూ ఆమెను ఓదార్చలేదు. అందరూ మౌనంగా ఆమెతో కూర్చున్నారు. లేచి ఆయన వెనక పరిగెత్తమని కాళ్ళు తొందరపెడుతున్నాయి. ఆయనమీద జాలి ఉంది. ఆ జాలితో లేచి వెళితే మళ్ళీ సోమవారం ఆసుపత్రిలో 'కుదరదండీ' అని చెప్పాల్సి వస్తుందని కూడా తెలుస్తోంది. జాలిని జాలిగానే ఉంచింది. కదలకుండా కూర్చుంది.

*

ఆమె ఇల్లు చేరేసరికి పంచాయితీ సిద్ధంగా ఉంది. కూతురు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అల్లుడు పిల్లాణ్ణి ఉయ్యాలలో పడుకోబెట్టి, మళ్ళీ గోడ చేరాడు. మైకు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. చెయ్యి బల్లమీదే ఉంది గానీ చరిచే ఊపు లేదు.

"ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు నా కొడుకు నీకు బరువని చెప్పావటగా!" అంది కూతురు.

"బరువనలేదు. వాడికోసం ఉద్యోగం మాననన్నాను. మీ ముందు కూడా అదే అంటున్నాను."

"మరి పొద్దున ఏమైంది ఆ నోరు? నేను చెయ్యి ముద్దు పెట్టుకున్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. సూదక్క కాదనలేదు. "తప్పే. అప్పుడే చెప్పాల్సింది. నాకు చేతకాలేదు."

"మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు," అన్నాడు మైకు, అదను దొరికిందని. "నేనేం బలవంతం చేశానా? మూడుసార్లు అడిగాను."

"అర్ధమే కదండీ?" అంది సూదక్క. "మిగతా సగం నన్ను ఎప్పుడైనా అడిగారా? ఇన్నేళ్ళూ సగానికే మొత్తం పాట కొట్టేశారు."

గోడ దగ్గర అల్లుడికి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు.

"అమ్మలు ఇలా మాట్లాడరు," అంది కూతురు. "నా ఫ్రెండ్స్ అమ్మలందరూ..."

"నువ్వు పుట్టాక నీకు ఊహ వచ్చేదాకా నేనూ ఇంట్లోనే ఉన్నాను. బళ్ళో వేశాక మీ నానమ్మ మంచం పట్టింది, ఆవిడను చూసుకున్నాను. ఆవిడ పోయాక మీ నాన్నకు ఆపరేషన్. ఏదీ నన్నడిగి చేయించలేదు. చేసినందుకు నాకు బాధా లేదు. నువ్వు కాలేజీకి వెళ్ళాక ఆ కుట్టుగదిలో అడుగుపెట్టాను. ఇప్పుడిప్పుడే..."

"ఇప్పుడు నీకేం తక్కువైందే?" అని మైకు అందుకున్నాడు. "తిండికా, బట్టకా..."

"నా మాట అవలేదు."

ఆమె గొంతు పెంచలేదు. కానీ ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. మైకు నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"కూర్చోండి అందరూ," అంది సూదక్క. "నేను చెప్పేదాకా ఎవరూ మాట్లాడొద్దు. అయిపోయాక మీ ఇష్టం. నన్ను తిట్టండి, కొట్టండి, పై వాటాకు వెళ్ళి తలుపేసుకోండి."

సరిగ్గా అప్పుడే ఉయ్యాలలో పిల్లాడు లేచి రాగం అందుకున్నాడు. ముగ్గురూ ఒక్కసారే కదిలారు. సూదక్క కాళ్ళు కూడా ఉయ్యాల వైపు తిరిగాయి. జీవితమంతా ఆమె మాట తెగిపోయింది ఇలాగే, ఒక ఏడుపు దగ్గరో, ఒక పాలగిన్నె దగ్గరో. ఆమె అడుగు వేయలేదు. కూతురు లేవబోతోంది. ఆలోపే మైకు లేచాడు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, ఒక్క మాట కూడా అనకుండా, తలుపు తోసుకుని వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. తలుపు మాత్రం తెరిచే ఉంచాడు, వినబడేలా.

సూదక్క చెప్పింది. ఆసుపత్రి దుప్పట్లు ఎక్కడ చిరుగుతాయో చెప్పింది, వీపు ఆనే చోట, మడమలు రాసుకునే చోట. నెలల తరబడి మంచంమీదే ఉండేవాళ్ళకు ఒక్క మొరటు కుట్టు తగిలినా పుండు పడుతుంది. తాను వేసిన మాసిక వీపుకు తెలియకూడదు. అది నేర్చుకోవడానికి తనకు ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఆ గదిని నడపమంటున్నారు, కొత్తగా వచ్చే అమ్మాయిలకు ఆ కుట్టు నేర్పమంటున్నారు.

"నన్ను ఎవరైనా నువ్వేం చేయగలవని అడిగితే, నా అంతట నేను చెప్పగలిగింది అదొక్కటే," అంది. "సోమవారం ఒప్పుకుంటాను. నీకు జ్వరమొస్తే రాత్రంతా నీ పక్కన కూర్చుంటాను. సెలవురోజుల్లో వాణ్ణి నేల దించను. వాడికి అమ్మమ్మగా ఉంటాను. రోజూ ఇంట్లో కట్టిపడేస్తే మాత్రం ఉండను. నువ్వు ఏడ్చినా ఉండను."

వరండాలో పిల్లాడి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. కూతురు తలవంచుకుని చాలాసేపు కూర్చుంది. సూదక్క నోటిదాకా ఒక మాట వచ్చింది, 'పోనీలేమ్మా' అని. ఆ ఒక్క మాటతోనే ఆమె ఇప్పటిదాకా తన సగం బతుకును ఇచ్చేసింది. ఇవాళ దాన్ని పళ్ళ వెనకే ఆపింది.

"నాన్న తప్పు కాదమ్మా," అంది చివరికి కూతురు. "నాన్నను చెప్పమన్నది నేనే."

సూదక్క ఆమెవైపు చూసింది.

"నేను అడిగితే నువ్వు ఆలోచిస్తావు. ఆలోచిస్తే వద్దంటావేమోనని భయమేసింది. నాన్న పాట పెడితే నువ్వు ఎదురు చెప్పవు. చెప్పవని తెలిసే చేశాను." మాటల మధ్య ఏడుపు తోసుకొచ్చింది. "వాణ్ణి ఎవరి చేతుల్లో పెట్టి వెళ్ళాలో తెలియడం లేదమ్మా. షాపులో నా కుర్చీ పోతుందని భయం, వాడికేమైనా అవుతుందని భయం. నా భయం నీ నెత్తిన పెట్టేసి నేను తేలికపడదామనుకున్నాను."

భర్త చేసిన పని కంటే ఇదే ఎక్కువ కోసింది. ఆయన తెలియక చేశాడు. కడుపున పుట్టినది తెలిసి చేసింది. సూదక్క ఆ నొప్పిని దాచుకోలేదు, కళ్ళు తుడుచుకోనూ లేదు. కూతురి పక్కకు వెళ్ళి కూర్చుని, ఆమె చేతిమీద చెయ్యి వేసి, ఏడుపు అయ్యేదాకా వింది. ఊరుకో అనలేదు. తనలాగే కుర్చీ పోతుందని భయపడే ఆడది తన పక్కనే ఇంకొకతె ఉందని, అది తన కూతురేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

"అడిగి ఉంటే వద్దనే అనేదాన్ని," అంది. "కానీ నీతో కూర్చుని ఆలోచించేదాన్ని."

"ఇప్పుడేం చేద్దాం?"

"నాకూ తెలీదు."

"నేను మధ్యాహ్నం షిఫ్టుకు మారొచ్చు," అన్నాడు గోడ దగ్గరి అల్లుడు. అందరూ ఉలిక్కిపడి చూశారు. అతనికి చెవులు ఎర్రబడ్డాయి. "మధ్యాహ్నం దాకా వాణ్ణి నేను చూసుకోగలను. అంటే, నన్నెవరూ అడగలేదు."

తండ్రి అనేవాడు ఒకడున్నాడని అందరూ మరిచే పోయారు. కూతురికి ఏడుపులోనే నవ్వు పొర్లుకొచ్చింది. "మరి మధ్యాహ్నం నుంచి?"

ముగ్గురి చూపులూ తలుపు వైపు తిరిగాయి. మైకు లోపలికి వస్తున్నాడు. భుజంమీద పిల్లాడు నిద్రపోయాడు, చొంగ చొక్కాను తడిపేసింది. లేపకూడదని ఆయన దొంగలా అడుగులు వేస్తున్నాడు.

"నాన్నా, మధ్యాహ్నాలు నువ్వు చూసుకుంటావా?" అంది కూతురు.

"చెబుతున్నావా, అడుగుతున్నావా?" అన్నాడాయన. ఆ గొంతు అంత చిన్నగా పలకగలదని ఇంట్లో ఎవరికీ తెలియదు.

"అడుగుతున్నాను."

మైకు వెంటనే జవాబివ్వలేదు. ఆయన మొహం చూస్తే జవాబేమిటో సూదక్కకు తెలిసిపోతూనే ఉంది. 'చూసుకుంటారులే' అనడం ఎంతసేపు? ఆమె అనలేదు. కూతురూ అనలేదు. అల్లుడికి ఎలాగూ అలవాటు లేదు. ఎవరికీ కోపం లేని నిశ్శబ్దంలో ఆయన తన సమయం తాను తీసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"చూసుకుంటాను," అన్నాడు. "కానీ నాకు నీళ్ళు పోయడం రాదు. పాలు కలపడం రాదు. ఏమీ రాదు నాకు."

"రేపు ఆదివారం, నేర్పిస్తాను," అంది సూదక్క. "రేపే నేర్చుకోండి. ఎల్లుండి నుంచి నాకు పనుంది."